మూట కట్టు

"నీ పని చెరిపింది నేనే, భాగ్యశ్రీ." ఐదు మాటలు. కోదాడలో బస్సెక్కినప్పుడు ఇదే వాక్యం పదిహేడు మాటలుండేది. అందులో 'పొరపాటున' ఉండేది, 'నాకూ తర్వాతే తెలిసింది' ఉండేది, 'ఏమీ అనుకోవద్దు' కూడా ఉండేది, హుజూర్‌నగర్ స్టాండు వచ్చేసరికి ఒక్కొక్కటే పీకి పారేసి ఐదు దగ్గర ఆపాను. పీకి పారేయడం నాకు బాగా వచ్చిన విద్య. ఎవరేం చెప్పబోయినా రెండు ముక్కల్లో చెప్పమంటాను, మా ఆవిడ సరిత సినిమా కథ చెబుతుంటే చివరికేమైందని అడుగుతాను, శుభలేఖ వస్తే ముహూర్తం ఒక్కటే చదువుతాను. బస్సు కదిలింది, మిర్యాలగూడ ఇంకా గంట. ఈ గంటలో ఐదు మాటలూ నోటికి పట్టాలి. పొద్దున అద్దం ముందు బాగానే వచ్చాయి, ఇప్పుడు మనసులో అనుకుంటుంటేనే నాలుగో మాట దగ్గర ఆగిపోతున్నాను. 'నేనే' అన్నది ఇంత బరువైన మాటని ముప్పై రెండేళ్లొచ్చాక తెలుస్తోంది.

ఆదివారం సాయంత్రం ఫోన్ చేసింది భాగ్యశ్రీ, ఎనిమిది నెలల తర్వాత. సూర్యాపేటలో ఎరువుల దుకాణం పైనున్న మా చిన్న ఆఫీసులో మూడేళ్లు నా పక్క కుర్చీలో కూర్చుని ప్రోగ్రాంలు రాసిన అమ్మాయి, ఇప్పుడు మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు గేటు దగ్గర కంప్యూటర్ ఆపరేటర్. "అన్నా, గురువారం పన్నెండింటికి హైదరాబాద్ కంపెనోళ్లు వీడియోల మాట్లాడతరట. ఇంతకుముందు నాతోని పనిచేసినోళ్లు ఒక్కరన్న ఉండాలె అన్నరు. తేమ ప్రోగ్రాం భాగ్యశ్రీనే రాసిందని నువ్వు ఫోన్ల ఒక్క మాట చెప్తే చాలు," అంది. ఫోన్‌లో ఎందుకు, నేనే వస్తానన్నాను. "గంత దూరం ఎందుకన్నా," అంది. వస్తానంటున్నా కదా అని కసురుకున్నాను కూడా, తప్పు చేసినవాడికి కోపం ముందుంటుంది కాబోలు. వాళ్లు అడగబోయే రెండో ప్రశ్న నాకు తెలుసు: ఆ అమ్మాయి రాస్తే రికార్డులో ఆ అమ్మాయి పేరెందుకు లేదు, అంతా మీ పేరు మీదే ఎందుకుంది? ఆ ప్రశ్న వాళ్ల నోట వినకముందే నా నోటితో ఆమెకు చెప్పెయ్యాలి. ఇవాళ పొద్దున తొమ్మిదికి పది నిమిషాలుందనగా మళ్లీ మోగింది ఫోను. తెర మీద ఆమె పేరు చూశాను, నోట్లో బ్రష్షు ఉందన్న వంకతో ఎత్తలేదు. సరిత వంటింట్లోంచి చూస్తూనే ఉంది. "బ్రష్షు చేసుకునేవాళ్లు హలో అనకూడదా? ఎనిమిది నెలల నుంచి ఇదే మొహం చూస్తున్నాను. వెళ్లి చెప్పేసి రండి, చెప్పకుండా మాత్రం ఇంటికి రావద్దు," అంది. ఎదురుగా చెబుతాను, ఫోన్‌లో బాగుండదు అన్నాను, 'బయల్దేరుతున్నా' అని భాగ్యశ్రీకి మెసేజ్ పెట్టాను. పది దాటాక, నేను బస్సులో కూర్చున్నాక, 'సరే అన్నా' అని వచ్చింది.

రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోశారు. యాసంగి కోతలు ముదిరాయి, నల్లటి తారు మీద పసుపు పచ్చగా కిలోమీటర్ల పొడుగునా వడ్లు, వాటి మీదికి బండ్లు ఎక్కకుండా అంచు వెంట రాళ్లు, అక్కడక్కడ ఒక ఆడమనిషి కాళ్లతో గీతలు గీస్తూ తిరగేస్తోంది. డ్రైవరు విసుక్కోకుండా బస్సును పక్కకు తప్పించి నడుపుతున్నాడు. ఈ వడ్లు ఇలా ఆరడం వల్లే మాకు ఆఫీసులో పని ఉండేది. తేమ పదిహేడు శాతం దాటితే మిల్లువాడు బండిని వెనక్కి పంపుతాడు, ఆ తేమను కొలిచి రాసిపెట్టే ప్రోగ్రామే మేం తయారుచేస్తున్నది. భాగ్యశ్రీ వాళ్లది పాలకీడు. వాళ్ల నాన్న సైదయ్యను ఒక ఏడాది రెండుసార్లు వెనక్కి పంపారట, మంచుకు తడిసిన అడుగు బస్తాలో ఒక్కదాంట్లోనే తేమ చూసే మర గుచ్చి ఇరవై ఒకటి అన్నారట, రెండోసారి ఆరబోసిన రాత్రి వాన పడిందట. అందుకని ఆ అమ్మాయి ఐదు బస్తాల్లోంచి తీసి, అన్నిటికంటే ఎక్కువదీ తక్కువదీ వదిలేసి, మిగిలిన మూడిటి సగటు కట్టేలా రాసింది. రాయడం తేలికే, దాన్ని మిల్లువాళ్ల చేత ఒప్పించేలా, గాలిలో తేమనూ మరలో తేడానూ లెక్కలోకి తీసుకునేలా రాయడానికి ఆమెకు మూడేళ్లు పట్టింది. నాకైతే అంత ఓపిక ఎన్నడూ లేదు.

ప్రోగ్రాం రాసేవాళ్లు పని కాస్త ముందుకు జరిగినప్పుడల్లా దాన్ని భద్రం చేసి పక్కన ఒక ముక్క రాసి పెడతారు: ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారు, ఎందుకు. ఆ లెక్కంతా చూసుకునే సాధనం పేరు గిట్. ఎన్నేళ్లయినా వెనక్కి వెళ్లి ఏ రోజు ఎవరేం చేశారో చూసుకోవచ్చు, పాతదాన్ని మళ్లీ తెచ్చుకోవచ్చు. మంచి సాధనమే, కానీ దానికి చాదస్తం ఎక్కువ. నల్లటి తెర మీద ఒకదాని తర్వాత ఒకటి ఐదారు ఆదేశాలు టైప్ చేయాలి, ఒక్కటి తప్పినా ఎర్ర అక్షరాలతో తిట్టిపోస్తుంది. ఆఫీసులో మా తిరుపతి రోజూ సాయంత్రం ఆరింటికి, సంచి భుజాన వేసుకున్నాక, "హరన్నా, నా దాంట్ల మల్ల ఎర్రగ వచ్చింది," అని పిలిచేవాడు. అతని బస్సు పోతుంది, నా బస్సూ పోతుంది. విసుగుపుట్టి ఒక ఆదివారం కూర్చుని ఆ ఐదారు పనులనూ ఒకే మాటలో ఇమిడ్చి చిన్న సాధనం రాశాను. దానికి మూట అని పేరు పెట్టాను. 'మూట పంపు' అంటే నీ పని సర్వర్‌కు చేరుతుంది, 'మూట తెరువు' అంటే నీ దగ్గరున్న పాతది పోయి సర్వర్‌లో ఉన్నది వస్తుంది. అంతే, రెండు మాటలు నేర్చుకుంటే ఇంటికి పోవచ్చు. తిరుపతి నాకు టీ తాగించాడు. మా ఆఫీసు నడిపే దేవసహాయం సారు దాన్ని అందరికీ పనికొచ్చేలా నెట్‌లో పెట్టమన్నారు, పెట్టాను, ఎక్కడెక్కడివాళ్లో దానికి మెచ్చుకోలుగా చుక్కల గుర్తులిచ్చారు. ఏ దేశంవాడో ఒకడు, నీ పుణ్యాన నా భార్యతో కలిసి భోంచేస్తున్నాను అని రాశాడు. ఆ ఉత్తరాన్ని నేను ఎంతమందికి చూపించుకున్నానో చెప్పుకుంటే సిగ్గు.

మూట అన్న పేరు మా అమ్మను చూసి పెట్టిందే. మాది పెన్‌పహాడ్ పక్కన తండా, మా భాషలో అమ్మను యాడి అంటాం. నా చిన్నప్పుడు చలికాలం రాగానే తండాలో సగంమంది మిరపతోటల్లో కూలికి పోయేవాళ్లు, లారీ తెల్లవారుజామునే వచ్చి రోడ్డు మీద హారన్ కొట్టేది. యాడి నేల మీద ఒక దుప్పటి పరిచి, గిన్నెలు, బట్టలు, జొన్నపిండి, ఇల్లంతా పావుగంటలో దాంట్లోకి సర్దేసేది. ఆ చేతుల వేగం చూస్తే ఇప్పటికీ నాకు ఆశ్చర్యం. కానీ రెండు కొసలు చేతుల్లోకి తీసుకున్నాక ముడి వేసేది కాదు, ఆగేది. తండాలో ఏ ఆడమనిషీ వేసేది కాదు. కొసలు పట్టుకుని ఇంట్లో ఒక్కొక్కరినీ పేరుపెట్టి అడిగేవాళ్లు, నీది ఏమన్నా మిగిలిందా, నీది, నీది? ముసలివాళ్లనూ అడిగేవాళ్లు, మాటలు రాని పిల్లలనూ అడిగేవాళ్లు. అందరూ లేదన్నాకే ముడి. ఒకసారి నేను ఏదో అలిగి జవాబు చెప్పలేదు, మూడో తరగతిలో ఉన్నాననుకుంటా, పలక ఇంట్లోనే ఉండిపోయింది. లారీ ఎక్కాక ఏడుపు మొదలుపెట్టాను. మా నాన్న గేమ్యా తిడుతున్నాడు, డ్రైవరు తిడుతున్నాడు, యాడి దిగి, చీర ఎత్తి కట్టి, చీకట్లో ఇంటికి పరుగెత్తింది. ఆమె వచ్చేదాకా లారీ ఆగింది. ఇదంతా నాకు తెలియనిది కాదు, చూసి పెరిగిందే, అయినా నా మూట ఎవరినీ ఏమీ అడగదు.

మొదట్లో అడిగేది. గిట్ కూడా అంతే, సర్వర్‌లో ఉన్నదాన్ని తుడిచేసే పని ఏదైనా చేయబోతే చచ్చినా ఒప్పుకోదు, ఇది పంపితే అక్కడున్నది పోతుంది అని మొండికేస్తుంది. నిజంగా పంపమంటావా అని నా సాధనం అడిగేది. తిరుపతికి ఆ ప్రశ్న చూస్తే భయం, అవునంటే ఏమవుతుందో, కాదంటే ఏమవుతుందోనని మళ్లీ నన్నే పిలిచేవాడు. అందుకని ప్రశ్న తీసేశాను, ప్రతిసారీ అవునన్నట్టే రాసేశాను. నెట్‌లో దాని పేజీ మీద పెద్దక్షరాలతో వేసుకున్నాను: మూట ప్రశ్నలు అడగదు. దేవసహాయం సారు అది చదివి భుజం తట్టారు.

"యాడికి బిడ్డా?" పక్క సీటులో ఎప్పుడెక్కిందో ఒక పెద్దమ్మ, ఒళ్లో గంప, ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్టు నాలుగు మడతలు పెట్టి కొంగున కట్టుకుంటోంది. మిర్యాలగూడకన్నాను. "గాడ ఎవరున్నరు?" చెల్లె ఉంది అన్నాను. అన్నా అని పిలుస్తుంది కదా, అబద్ధం కాదులే అనుకున్నాను. "మరి ఏం పట్టుకపోతున్నవ్? ఆడివిల్ల ఇంటికి ఉత్త చేతులతోని పోతరా," అంది పెద్దమ్మ. నా చేతులు చూసుకున్నాను, నవ్వాను, ఆవిడ నవ్వలేదు. నేరేడుచర్లలో ఆవిడ దిగిపోయింది. చెల్లె అన్న మాట మాత్రం లోపల ఎక్కడో గుచ్చుకుని అలాగే ఉంది.

భాగ్యశ్రీ రాసే ముక్కలు ముక్కలుగా ఉండేవి కావు. మేమందరం పని భద్రం చేసేటప్పుడు 'సరిచేశా', 'మళ్లీ సరిచేశా', 'ఇదే ఆఖరు' అని పడేసేవాళ్లం. ఆ అమ్మాయి తెలుగులో నిండు వాక్యాలు రాసేది. 'అడుగు బస్తా ఒక్కటే చూస్తే రైతుకు అన్యాయం, ఐదు బస్తాల్లోంచి తీస్తున్నాం.' 'నిన్నటి లెక్క తప్పు. తప్పు నాదే. వాన పడ్డ రోజు గాలిలో తేమ కూడా కలుస్తోంది, అది తీసేశాను.' 'ఈ రోజు బాపు వడ్ల మీదే పరీక్షించాను. పదహారున్నర వచ్చింది. బాపు నమ్మలేదు, నేను నమ్మాను.' ఉత్తరాలు రాస్తున్నావా భాగ్యా అని ఆటపట్టించేవాణ్ణి. "నేను రేపటికి మర్సిపోతన్నా. ఎందుకు చేసిన్నో రాసి పెట్టుకుంటే రేపటి నాకు ఇయ్యాల్టి నేను చెప్పినట్టు ఉంటది," అనేది. రెండు వందల పద్నాలుగు రాసింది. నాకు గుర్తున్నవి తొమ్మిది. మిగిలినవి బుర్ర గోక్కున్నా రావు, పక్కనే కూర్చున్నవాణ్ణి, రోజూ చదివినవాణ్ణి, రెండు ముక్కల్లో చెప్పమ్మా అని నవ్వినవాణ్ణి.

ఆ సోమవారం మిల్లుల తరఫున పెద్దమనుషులు పని చూడటానికి వస్తున్నారు. అంతకుముందు శనివారం దేవసహాయం సారు నా భుజం మీదుగా తెరను చూసి, "హరీ, జర నీట్‌గ ఉండాలె. గా తెలుగు రాతలు, తప్పు నాదే అనుడు, గివన్నీ వాళ్లకెందుకు? ఒక్కటే లైను ఉంటే మంచిగుంటది," అన్నారు. భాగ్యశ్రీ ఆ వారమంతా సెలవు. సైదయ్య ట్రాక్టర్ మీంచి పడి నల్లగొండ దవాఖానలో ఉన్నాడు, ఆమె అక్కడే ఉంది. నేను మూటకు ఇంకో ఆదేశం నేర్పాను, 'మూట కట్టు'. చిన్న చిన్న భద్రాలన్నిటినీ కలిపి ఒకే ఒక్కదాన్ని చేస్తుంది, కట్టినవాడి పేరు పెడుతుంది, సర్వర్‌కు పంపేస్తుంది. మిల్లువాళ్లకు చూపించడానికి వేరే నకలు తీసి పెట్టుకున్నాను, దాని మీదే కట్టాలి. నకలూ అసలూ పేర్లలో ఒక్క అంకె తేడా. మధ్యాహ్నం అన్నం తిన్న మత్తులో అసలుదాన్లో నిలబడి 'మూట కట్టు' అని కొట్టాను. మూడు సెకన్లు. గిట్ అయితే మొండికేసి ఉండేది, పాత మూట అయితే నిజంగానా అని అడిగి ఉండేది. 'కట్టడం పూర్తయింది' అని పచ్చ అక్షరాలు వచ్చాయి. ఆ పచ్చరంగు నేను ముచ్చటపడి ఎంచుకున్నదే.

తెలిసింది సోమవారం పొద్దున. అప్పటికే తిరుపతి అన్ని కంప్యూటర్లలోనూ 'మూట తెరువు' కొట్టేశాడు, అందరి దగ్గరా అసలు పోయి కట్టిన మూట వచ్చి కూర్చుంది, మూడేళ్ల పని ఒక్క లైనై, దాని పక్కన హరిలాల్ అని నా పేరు. అయినా భయపడాల్సిందేమీ లేదు, నిజంగా లేదు. గిట్ ఏదీ వెంటనే పారేయదు. తెగిపోయిన పాత పని నా కంప్యూటర్‌లోనే ఒక మూల ముప్పై రోజులుంటుంది, తర్వాతే ఊడ్చేస్తుంది. వెనక్కి తేవడం పది నిమిషాల పని. పెద్దమనుషులు మెట్లెక్కుతున్నారు, వాళ్లు వెళ్లాక చేద్దామనుకున్నాను. వాళ్లలో ఒకాయన తేమ లెక్క చూసి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు, "ఐదు బస్తాలు తీసి రెండు వదిలేసుడు, ఈ ఆలోచన ఎవలది? మొత్తం నువ్వే రాసినవా?" అన్నాడు. తెర మీద నా పేరు ఉంది. దేవసహాయం సారు నన్ను గర్వంగా చూస్తున్న చూపులో మా నాన్న కనిపించాడు. "టీమ్ వర్క్ సార్," అన్నాను. వినయంగా, తల వంచి. చెడ్డ అబద్ధం అంటే అదే, వినేవాళ్లకు అది ఇంకా గొప్పగా వినిపిస్తుంది. ఆ నెలలోనే నన్ను టీమ్ లీడ్‌ను చేశారు. తండాలో గేమ్యా కొడుకు లీడంట అని చెప్పుకున్నారు, ఆ మాటకు అర్థం అక్కడ ఎవరికీ తెలియదు, నాకొక్కడికే తెలుసు.

మూసీ వంతెన ఎక్కింది బస్సు. కింద నీళ్లు సన్నగా ఒక పక్కకు ఒరిగి పారుతున్నాయి. నేను మూట కట్టిన తొమ్మిదో రోజున భాగ్యశ్రీ వచ్చింది, కళ్ల కింద నలుపుతో. కంప్యూటర్ తెరిచి చాలాసేపు చూసి, "అన్నా, నా రాతలు కనిపిస్తలేవేంది?" అంది. సర్వర్ పాడైందమ్మా, ప్రోగ్రాం దక్కింది, పాత రాతలు పోయాయి అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో. ఆమె నా మొహం వంకే చూసింది, "అట్లనా," అంది, కుర్చీ తెర వైపు తిప్పుకుంది. ఇరవై ఆరో రోజున దేవసహాయం సారు నన్ను లోపలికి పిలిచారు. పని తగ్గింది, నలుగురిలో ఒకరిని తీసెయ్యాలి. "రికార్డుల ఆ పిల్ల పేరే లేదు గదా హరీ. మూడేండ్లు ఏం చేసినట్టు?" అన్నారు. చేసింది సార్ అన్నాను. "ఏడ?" అన్నారు. చూస్తాను సార్ అన్నాను. ఇంకా నాలుగు రోజులున్నాయి, నాలుగు రోజులంటే చాలా ఎక్కువ. తెస్తే ఆమె పని వస్తుంది, దానితోపాటే నేను కట్టిన రోజూ గంటా నిమిషమూ వస్తాయి, టీమ్ వర్క్ అన్న మాట వస్తుంది, సర్వర్ పాడైందన్న మాట వస్తుంది. ముప్పయ్యో రోజు మధ్యాహ్నం రెండింటి నుంచి ఐదింటి దాకా నల్లటి తెర ముందు కూర్చున్నాను. వెనక్కి తెచ్చే ఆదేశం టైప్ చేశాను, చెరిపాను. మళ్లీ టైప్ చేశాను. ఎంటర్ ఒక్కటే తక్కువ. పక్క కుర్చీలో భాగ్యశ్రీ ఏదో రాసుకుంటోంది, చేయి చాపితే అందేంత దూరం. ఐదింటికి టీ వచ్చింది. తాగాను. మొదటిది పొరపాటు, దానికి ఎవరైనా క్షమిస్తారు, నేనైనా క్షమించుకునేవాణ్ణి. కానీ ఆ మూడు గంటలూ నేను పూర్తి తెలివితో, భయంతో, పిరికితనంతో చేసిన పని. దాన్ని ఏ పేరుతో పిలిచినా అది దొంగతనమే.

ఆమెను ఉద్యోగంలోంచి తీసేశాక మూటలో మళ్లీ ప్రశ్న పెట్టాను. ఇప్పుడది అందరినీ పేరుపెట్టి అడుగుతుంది, ఫలానావాళ్ల పని కూడా ఇందులో ఉంది, కట్టమంటారా అని. భార్యతో భోంచేసేవాడు, ఇంతకుముందే బాగుండేది, ఇప్పుడు ఆలస్యమవుతోంది అని రాశాడు. వాడికి నేనింకా జవాబివ్వలేదు.

మిర్యాలగూడలో దిగేసరికి పదకొండుంపావు. ఆటో ఎక్కి మిల్లు పేరు చెప్పాను. రోడ్డు పొడుగునా లారీలు, ట్రాక్టర్లు, వాటి నీడల్లో పడుకున్న మనుషులు, గాలిలో ఉడికిన వడ్ల వాసన. గేటు పక్కన చిన్న గది, దానికి కిటికీ, కిటికీ ముందు ఎనిమిదిమంది డ్రైవర్లు కాగితాలు పట్టుకుని నిలబడ్డారు. లోపల భాగ్యశ్రీ, తెర వంక చూస్తూ. పక్కనుంచి వెళ్లి తలుపు తట్టవచ్చు, అయినా లైన్లోనే నిలబడ్డాను. నా వంతు వచ్చాక తలెత్తింది. "వచ్చినవా అన్నా," అంది, నవ్వింది కూడా. టైముంది కదా, పన్నెండింటికి కదా అన్నాను. "తొమ్మిదింటికే అయిపాయె. వాళ్లే ముందుకు జరిపిన్రు. నీకు చేసిన, నువ్వు ఎత్తలే."

నోట్లో బ్రష్షు ఉంది అనబోయాను. దేవుడు కాపాడాడు, అనలేదు. "మరి?" అన్నాను.

"నీతోని పనిచేసినోళ్లు ఎవరన్న ఉన్నరా అంటే లేరని చెప్పిన. అయితే మా ముందే రాసి చూపెట్టు అన్నరు. చూపెట్టిన. ఒకటో తారీఖు రమ్మన్నరు." చెబుతూనే పక్కన పళ్లెంలో ఉన్న వడ్ల తేమ అంకె చూసి తెర మీద వేసింది. సంతోషం వేసింది నాకు, నిజంగానే వేసింది, ఆ వెంటనే ఇంకొకటి తట్టింది. ఆమెకు నా మాటతో పని లేదు. ఇప్పుడు చెప్పినా చెప్పకపోయినా ఆమెకు పోయేదీ లేదు, వచ్చేదీ లేదు. ఈ కబురు మెసేజ్‌లో ఎందుకు చెప్పలేదో, నన్ను ఇంత దూరం ఎందుకు రానిచ్చిందో అర్థం కాలేదు. వెనక డ్రైవరు దగ్గాడు. నేర్చుకున్నవన్నీ ఎటో పోయాయి, అయినా చెప్పాను, కిటికీ ఊచలు పట్టుకుని, "నీ పని చెరిపింది నేనే భాగ్యా."

"తెలుసన్నా," అంది. కీబోర్డు మీద చేతులు ఆగాయి. "సర్వర్ పాడైతే ప్రోగ్రాం ఎట్ల మిగులుతది? నీ సిస్టమ్‌ల ముప్పై దినాలుంటదని నాకు తెల్వదా? మూడేండ్లు నీ పక్కనే కూసున్న. అడిగితే తెచ్చేటోడివే నువ్వు, నాకు తెలుసు. అడగకుండ తెస్తవా అని చూసిన. నా ఫోన్ల దినాలు లెక్కపెట్టుకున్న. ఆఖరు దినం నువ్వు టైప్ చేసుడు, చెరుపుడు గూడ చూసిన." గొంతు ఎక్కడా పెరగలేదు. "బాపు దవాఖాన్ల ఉన్నప్పుడు గూడ నేను దేవునికి గంతగనం మొక్కలే అన్నా."

ఆ మధ్యాహ్నం పక్క కుర్చీలో ఆమె ఏదో రాసుకుంటోందనే ఇన్నాళ్లూ అనుకున్నాను. కిటికీ ఊచలు వదిలేశాను. క్షమించమనడానికి కూడా ఒక హక్కు ఉండాలి. ఆమె నా వంక ఇంకాసేపు చూసింది, నా నోటి నుంచి ఏదో వస్తుందేమోనని ఇంకొక్కసారి చూసినట్టు, తర్వాత నా భుజం మీదుగా వెనకున్నవాళ్లను చూసింది.

"జర పక్కకు జరుగన్నా, బండ్లాగినయి," అంది.

జరిగాను. వెనకున్న డ్రైవరు కాగితం లోపలికి చాపాడు, ఆమె అతని పేరు అడిగింది.